సవరణ: ఆల్టిమీటర్ కోడ్‌లో 1013.25 గురించి

గాలి పీడనాన్ని కొలిచే బీఎంపీ280 సెన్సార్, ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో ఇంట్లో చేసుకునే ఆల్టిమీటర్ (ఎత్తు కొలిచే పరికరం) గురించి ఇదివరకు రాస్తూ, కోడ్‌లో సముద్రమట్టపు పీడనం 1013.25 హెక్టోపాస్కల్స్ (పీడనానికి కొలమానం) అని ఒక్కసారి పెట్టేస్తే అసలు ఎత్తు వచ్చేస్తుందని చెప్పాను. అది తప్పు, పొరపాటు నాదే.

పైకెళ్లే కొద్దీ గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి, ఈ పరికరం పీడనాన్ని బట్టే ఎత్తు లెక్కగడుతుంది. ఆ అంకె ప్రామాణిక వాతావరణానిది, అంటే లెక్కల కోసం సగటుగా అనుకున్నది. అసలు పీడనం రోజూ మారుతుంది. సముద్రమట్టం దగ్గర 1 హెక్టోపాస్కల్ తేడా అంటే దాదాపు 8 మీటర్లు. బల్ల మీద కదలకుండా ఉన్న నా బోర్డు, వాన ముందు పీడనం తగ్గడంతో 30 మీటర్లు పైకెక్కినట్టు చూపించింది. సెన్సార్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. డేటాషీట్, విమానయాన పాఠాలు చదివాక సంగతి అర్థమైంది. పైలట్లు కూడా స్థానిక పీడనం తెలుసుకునే ఆల్టిమీటర్ సరిచేసుకుంటారు.

కాబట్టి దగ్గరి వాతావరణ కేంద్రం ఇచ్చే ఆనాటి సముద్రమట్ట పీడనాన్ని కోడ్‌లో పెట్టండి. మోడల్ రాకెట్‌కైతే ఎగరేసే ముందు నేల మీద రీడింగ్‌ను సున్నాగా తీసుకుంటే సరిపోతుంది.