చచ్చిన పనిముట్లకు పదోన్నతి

లండన్ నగరంలో బాణాలు చేసేవాళ్ల సంఘం ఒకటి ఇప్పటికీ ఉంది. ఫ్లెచర్స్ కంపెనీ అంటారు. 1371లో విల్లులు చేసేవాళ్ల నుంచి విడిపోయి వేరు కుంపటి పెట్టుకుంది. బాణాలు కొనే సైన్యం ఆ దేశంలో లేకుండా పోయి కొన్ని వందల ఏళ్లయింది. అయినా సంఘానికి ఒక మాస్టర్ ఉన్నాడు, గౌనులు ఉన్నాయి, విందులు ఉన్నాయి. బాణానికి ఈక ఎటువైపు అతికించాలో సభ్యులందరికీ తెలియాలన్న నిబంధన మాత్రం లేదు.

ఇందులో నవ్వడానికేమీ లేదు. పని చచ్చినా పదవి చావకూడదన్నది గొప్ప రాజనీతి. ఇంగ్లీషువాళ్లు దీన్ని బాణాల దగ్గరే ఆపలేదు. ప్యాటెన్ అని ఒక వస్తువుండేది: చెక్క అట్ట, కింద ఇనప కడియం, పైన తోలు పట్టీ. వేసుకున్న చెప్పుల మీదే దీన్ని కట్టుకుంటే మనిషి బురదకు రెండు మూడంగుళాలు పైన నడుస్తాడు. రాతి నేల మీదికి వచ్చాడంటే మాత్రం టకటకమని వీధి చివరిదాకా వినిపిస్తుంది. వీధులు బాగుపడ్డాయి, బురద తగ్గింది, ప్యాటెన్ పోయింది. దాన్ని చేసేవాళ్ల సంఘం పోలేదు. దాని పేరు తగిలించుకున్న సెయింట్ మార్గరెట్ ప్యాటెన్స్ చర్చి కూడా నగరం నడిబొడ్డున అలాగే ఉంది. మన మునిసిపాలిటీలు రోడ్లు బాగుచేయకపోవడం వెనక ఇలాంటి వారసత్వ స్పృహ ఏదైనా ఉందేమో, నిందించేముందు ఆలోచించాలి.

ఈ సంఘాలకు ఎవరు ముందు నడవాలన్న పట్టింపు ఎక్కువ. దర్జీలు, బొచ్చుతోళ్ల వ్యాపారులు ఆరో స్థానం మాదంటే మాదని కొట్టుకుంటే 1484లో మేయర్ రాబర్ట్ బిలెస్‌డెన్ తీర్పు చెప్పాడు. ఈ ఏడాది ఒకరు ఆరు, ఇంకొకరు ఏడు. మరుసటేడు తిరగేయండి. ఏటా ఒకరినొకరు భోజనానికి పిలుచుకోండి. ఆ తీర్పు నేటికీ అమలవుతోంది, ఈస్టర్ రాగానే స్థానాలు మారతాయి. ఐదు వందల ఏళ్లకు పైగా అప్పీలుకు వెళ్లని తీర్పు ఇంకోటి ఉంటే చెప్పండి.

సంఘాలే కాదు, పోయిన పనుల్ని ఇంటిపేర్లు కూడా మోస్తున్నాయి. ఉన్ని బట్ట మగ్గం దిగగానే వదులుగా, జిడ్డుగా ఉంటుంది. దాన్ని తొట్టిలో వేసి, నిలవబెట్టిన మూత్రం పోసి, గంటల తరబడి కాళ్లతో తొక్కాలి. అమ్మోనియా జిడ్డు వదలగొడుతుంది, తొక్కుడుకు నేత చిక్కబడుతుంది. ఈ పని చేసేవాణ్ని ఉత్తరాదిన వాకర్ అన్నారు, నైరుతిలో టక్కర్, ఆగ్నేయంలో ఫుల్లర్. విస్కీ సీసా మీది బొమ్మలో టోపీ పెట్టుకుని, చేతికర్ర ఊపుకుంటూ దర్జాగా సాగిపోయే వాకర్ దొరగారున్నారే, ఆ ఇంటిపేరు పుట్టింది ఇలాంటి తొట్టిలో నడిచే. ఈ సంగతి తెలిసినా సీసా ధర పైసా తగ్గదు.

తొక్కిన బట్టను ఆరుబయట చెక్క చట్రాలకు వంకర మేకులతో బిగించి, ముడుచుకుపోకుండా ఆరబెట్టేవారు. ఆ మేకులే టెంటర్‌హుక్స్. చట్రాలు పోయాయి కానీ మేకుల్ని వృథా పోనివ్వలేదు, బట్ట బదులు మనుషుల్ని తగిలించడం మొదలుపెట్టారు. ఫలితం కోసం కొట్టుమిట్టాడేవాడు టెంటర్‌హుక్స్ మీద ఉన్నాడంటారు. సాగదీయడం అనే అదే లాటిన్ మూలం నుంచి మన టెన్షన్ కూడా వచ్చింది కాబట్టి, ఇంటర్ ఫలితాల రోజున మన ఇళ్లలో జరిగేది కూడా ఆ ఆరబెట్టడమే.

అయితే ఈ విధానంలో శిఖరం మాత్రం ఆర్క్‌రైట్. ఆ మాటకు అర్థం పెట్టెలు చేసే వడ్రంగి. 1769లో నూలు వడికే యంత్రానికి పేటెంట్ తీసుకున్న రిచర్డ్ ఆర్క్‌రైట్ పెట్టెల జోలికే పోలేదు. గడ్డాలు గీశాడు, విగ్గులు చేశాడు. వడ్రంగి ఇంటిపేరుతో, క్షురకుడి అనుభవంతో వచ్చి ఇంటింటా రాట్నం తిప్పే ఆడవాళ్ల పనికి ఎసరు పెట్టాడు. రాజుగారు సంతోషించి 1786లో సర్ బిరుదిచ్చారు.

అలాగని ఆ ఆడవాళ్లను వట్టి చేతులతో పంపలేదు. స్పిన్‌స్టర్ అంటే వడికే స్త్రీ. పెళ్లి కాని ఆడది ఎలాగూ రాట్నం ముందే కూర్చుంటుంది కదా అని రికార్డుల్లో ఆమె పేరు పక్కన ఆ మాటే రాశారు. రాట్నం అటకెక్కినా ఇంగ్లండు పెళ్లి రిజిస్టర్లలో ఆ హోదా 2005 దాకా చెక్కుచెదరలేదు. డాక్టరైనా, లాయరైనా, పార్లమెంటు సభ్యురాలైనా, మొదటి పెళ్లి నాడు ప్రభుత్వ లెక్కలో ఆమె నూలు వడికేదే. పక్కన నిల్చున్న పెళ్లికొడుకు మాత్రం బ్యాచిలర్. ఒకప్పుడు కుర్ర వీరుడికి వాడిన మాట అది. ఆయనకు గుర్రం, ఆవిడకు రాట్నం. రెండూ కాగితం మీదే కాబట్టి గడ్డి ఖర్చు కూడా లేదు.

క్రమశిక్షణ తప్పేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. 2017లో అక్కడి హెరిటేజ్ క్రాఫ్ట్స్ అసోసియేషన్, జంతువులకు వేసినట్టే, ప్రమాదంలో పడ్డ చేతివృత్తులకు ఒక జాబితా వేసింది. చేత్తో క్రికెట్ బంతి కుట్టడం, బంగారు రేకు కొట్టడం, జల్లెడ చేయడం బ్రిటన్‌లో అంతరించాయని తేల్చింది. పద్ధతి ప్రకారం రెండు నిమిషాలు మౌనం పాటించి, జల్లెడ సంఘం పెట్టి, విందుకు తేదీ ఖరారు చేసుకోవాలి. అది మానేసి ఒకాయన చెక్క వంచి, తీగ అల్లి నిజంగానే జల్లెడలు చేయడం మొదలుపెట్టాడు. దాంతో పోయినవాటి వరుసలోంచి జల్లెడను బయటికి తీయాల్సి వచ్చింది. ఇలా ఒక్కొక్కరూ పనిచేస్తూ పోతే జాబితాలకు విలువేముంటుంది?

మన శ్రీకాకుళం జిల్లా పొందూరులో పరిస్థితి ఇంకా అన్యాయం. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, సన్న నూలు వడికే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. పని సాగుతూనే ఉండటంతో వాళ్లకు గౌనులు, విందులు ఏర్పాటు చేయడానికి వీల్లేకుండా పోయింది. ముందు పని పూర్తిగా ఆగాలి. ఆ దిశగా కూలి రేట్లు తమ వంతు కృషి చేస్తూనే ఉన్నాయి.

చివరగా, హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి లండన్ వెళ్లి కోడ్ రాసుకుంటున్న మన పిల్లలకు ఒక మాట. ఏఐ వచ్చి ఉద్యోగాలు ఊడగొడుతుందని దిగులుపడకండి. ఇన్ఫర్మేషన్ టెక్నాలజిస్టుల సంఘానికి 1992లోనే ఆ నగరం లివరీ హోదా, అంటే బాణాల సంఘం లాంటివాటి సరసన పూర్తి గుర్తింపు, ఇచ్చేసింది, సొంత హాలు కూడా ఉంది. కోడ్ రాయడం ఎలాగో ఎవరికీ గుర్తులేని రోజున కూడా అక్కడ భోజనం ఉంటుంది. కాకపోతే వరుసలో వాళ్లది 100వ స్థానం, కాబట్టి ఏదైనా కాస్త తిని వెళ్లడం మంచిది.