మహారాజశ్రీ విడుదల తేదీ గారికి

మహారాజశ్రీ విడుదల తేదీ గారి సముఖమునకు, చిన్ననాటి నుంచి తమరినే నమ్ముకొని బతుకుతున్న ఒక సినిమా అభిమాని నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు మాత్రం ప్రస్తుతం ఏ నెలలో, ఏ వారంలో విడిది చేసి ఉన్నారో తెలియనందువల్ల ఈ ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేయకుండా నలుగురి ముందూ చదవవలసి వస్తున్నది.

మా వంటింటి గోడకు ఒక క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. అందులో పాల లెక్క మా ఆవిడది, గ్యాసు బండ వచ్చిన రోజు గుర్తు మా అమ్మది, తమరి పేరిట ఎర్ర సిరాతో చుట్టిన సున్నాలు నావి. పాలు పోయని రోజున మా ఆవిడ ఇంటూ గుర్తు పెట్టి నెలాఖరున ఆ డబ్బు మినహాయించుకుంటుంది. తమరు రాని రోజున నేనూ ఇంటూ పెడతాను గాని, ఎవరి దగ్గర ఏం మినహాయించుకోవాలో ఇంతవరకు తేలలేదు. 'నీ సినిమాల కంటే ఆ గేదె నయంరా, చెప్పిన పూటకి ఇస్తుంది' అని మా అమ్మ అన్న మాట తమరి చెవిన వేయకూడదనే అనుకున్నాను.

తమరి ఘనచరిత్రలో నాకు కంఠస్థమైన అధ్యాయం 'ఆర్‌ఆర్‌ఆర్'ది. మొదట 2020 జూలై 30 అన్నారు. తరువాత 2021 జనవరి 8 అన్నారు. ఆ పిమ్మట అక్టోబరు 13 అన్నారు, అదీ దాటాక 2022 జనవరి 7 అన్నారు. మధ్యలో లోకాన్ని కరోనా కమ్ముకొన్న మాట నిజమే. హాళ్లకే తాళాలు పడినప్పుడు తమరు మాత్రం ఏం చేయగలరు, కనుక ఆ నేరం తమరి మీద మోపను. నేను అడుగుతున్నది ఆ తరువాతి సంగతి. ఈసారి ఎలాగైనా మాట దక్కించుకోవాలనుకున్నారో ఏమో, మార్చి 18 గాని, కాకుంటే ఏప్రిల్ 28 గాని అని ఒకేసారి రెండు రూపాల్లో దర్శనమిచ్చారు. నేను రెండింటికీ సున్నాలు చుట్టాను. తమరు మార్చి 25న వచ్చారు. రెండు ముహూర్తాలు పెట్టించి, రెండింటికీ శుభలేఖలు పంచి, ఎవరూ అనుకోని మూడో ముహూర్తాన తాళి కట్టించిన పురోహితుణ్ణి నేను మా వంశంలో గాని, పక్క వంశాల్లో గాని ఎరుగను.

మన బస్టాండుల్లో బస్సు ఇంకా లోపలికి వస్తూ ఉండగానే కిటికీలోంచి కర్చీఫు విసిరి సీటు ఆపుకోవడం అందరికీ తెలిసిన విద్యే. సినిమా వ్యాపారంలో తమరిని ప్రకటించడాన్ని కూడా 'కర్చీఫు వేయడం' అనే అంటారని తెలిసినప్పుడు నాకు సగం రహస్యం బోధపడింది. అయితే బస్సులో కర్చీఫు వేసినవాడు కనీసం బస్టాండు దాకా వచ్చి ఉంటాడు. ఇక్కడ కర్చీఫు వేసినవాడు ఇంకా ఇంటి దగ్గర పళ్లు తోముకుంటూ ఉంటాడు. రెండు పాటలు తీయవలసి ఉంటాయి, పతాక సన్నివేశానికి సెట్టు వేయవలసి ఉంటుంది, గ్రాఫిక్స్ పని నాలుగు నగరాల్లోని నాలుగు సంస్థల్లో నాలుగు దశల్లో ఉంటుంది. అయినా సంక్రాంతి సీటు మీద, దసరా సీటు మీద, ఆగస్టు 15 వచ్చే వారాంతం మీద కర్చీఫులు ఏడాది ముందే పడిపోతాయి. ఆ గుడ్డముక్కను చూపించి ఫైనాన్సు తెస్తారు, నైజాం అని పిలిచే తెలంగాణకీ, సీడెడ్ అని పిలిచే రాయలసీమకీ, ఉత్తరాంధ్రకీ పంపిణీ బేరాలు కుదుర్చుకుంటారు, ఓటీటీ వారితో ఒప్పందం రాసుకుంటారు. అంటే తమరు నా కోసం పుట్టినవారు కారు, వడ్డీ లెక్క కోసం పుట్టినవారు. ఈ సంగతి తెలిశాక కూడా నేను ఎర్ర సిరా సీసా కొనడం మానలేదు.

తమరిలో ఒకరి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆయన పేరు మే 9. 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి' వచ్చిన రోజు కనుక, ఆ తరువాత 2018లో 'మహానటి', 2019లో 'మహర్షి' కూడా అదే రోజున వచ్చి నిలబడ్డాయి కనుక, ఆయనకు పరిశ్రమలో మంచి పలుకుబడి ఉంది. 'కల్కి 2898 ఏడీ' మొదట 2024 జనవరి 12 అనుకొని, దాన్ని వదిలి, సెంటిమెంటు కలిసివస్తుందని ఈయన గుమ్మంలోకే వచ్చింది. తీరా చూస్తే ఆ ఏడు మే 13న రెండు రాష్ట్రాల్లోనూ పోలింగు. ఊరంతా పార్టీల కటౌట్లు నిలబడి ఉంటే ఇక కథానాయకుడి కటౌటుకు చోటెక్కడ? సినిమా జూన్ 27కు వెళ్లింది. ఆ చివరి యుద్ధం కోసం ఇంకో ఆరు నెలలు ఆగమన్నా ఆగేవాణ్ణే, అది వేరే మాట. మరుసటి ఏడాది అదే మే 9ని 'హరిహర వీరమల్లు' అడిగింది. ఒకప్పుడు 2022 సంక్రాంతికి వస్తానన్న చిత్రం అది, 2025 మార్చి 28ని దాటి ఈయన దగ్గరికి చేరింది. ఈయన్నీ దాటి జూన్ 12 అంది, ఆఖరికి జూలై 24న వచ్చింది. ఇంతకూ 2025 మే 9న చెప్పిన మాట ప్రకారం తెర మీదికి వచ్చిన ఘనులలో ఒకరెవరో తెలుసునా? ఆ జగదేకవీరుడే. 35 ఏళ్ల తరువాత, అదే తేదీకి, పాత సినిమానే మళ్లీ విడుదల చేశారు. వాయిదా భయం లేకుండా నిశ్చింతగా సినిమా చూడాలంటే అది ముందే తీసినదై ఉండాలన్న జ్ఞానోదయం నాకు ఆ రోజున కలిగింది.

తమరు ఖాళీ చేసిన ఇళ్లు ఎక్కువ కాలం పాడుబడి ఉండవన్నది కూడా గమనించాను. 2024 సెప్టెంబరు 27 'ఓజీ'ది. ఆ కథానాయకుడు పవన్ కల్యాణ్ జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి అయ్యారు, ఆ ఇల్లు ఖాళీ అయింది. అప్పటికి ఏప్రిల్ 5 నుంచి అక్టోబరు 10కి జరిగి కూర్చున్న 'దేవర' వెంటనే సామాను సర్దుకొని ఆ ఇంట్లో దిగింది. తెలుగు సినిమా వెనక్కి కాక ముందుకు జరగడం చూసి ఆ రోజు మా మిత్రబృందమంతా ఒకరినొకరు గిల్లుకొని చూసుకున్నాం. 'ఓజీ' మరుసటి ఏడు సెప్టెంబరు 25న వచ్చింది. కథ కంటే నేపథ్య సంగీతమే ఎక్కువ పరుగెత్తిందని నా అభిప్రాయం. ఈ మాట మా ఇంటి పై వాటాలో ఉండే కుర్రవాడికి తెలియనివ్వకండి.

ఇక నా సొంత కష్టం. ఏ సినిమాయో, ఏ హీరోయో చెప్పను, చెబితే కష్టం పక్కకు పోయి కొట్లాట మొదలవుతుంది. తమరు వస్తున్నారని మా ఆఫీసులో శుక్రవారం సెలవు అడిగాను. సినిమాకంటే ఇవ్వరు కనుక మా పెదనాన్నగారికి కుడి కంటి శుక్లం ఆపరేషను అని రాసి ఇచ్చాను. మూడు రోజుల ముందు తమరు వాయిదా పడ్డారు. సెలవు మాత్రం వాయిదా పడలేదు, ఇంట్లో కూర్చొని బీరకాయలు తరిగాను. రెండు నెలల తరువాత మళ్లీ వస్తున్నామన్నారు. ఎడమ కన్ను అని రాశాను. అప్పుడూ వాయిదానే. మూడోసారి కాగితం పట్టుకొని వెళ్లేసరికి మా మేనేజరుగారు కళ్లజోడు పైకి నెట్టుకొని, 'ఏమండీ, మీ పెదనాన్నగారు సాక్షాత్తూ ముక్కంటియా?' అని అడిగారు. పెదనాన్నగారు ఇప్పటికీ కళ్లజోడు లేకుండా పేపరు చదువుతారు. ఆయన ముఖం చూడాలంటేనే నాకు సిగ్గుగా ఉంది.

నేను పెరిగిన తెనాలిలో తమరికి ఇంత డాబు ఉండేది కాదు. గోడ మీద 'అతి త్వరలో' అని ఒక పోస్టరు పడేది, కొన్నాళ్లకు దాని మీదే 'నేడే విడుదల' అని ఇంకో కాగితం అంటించేవారు. రెండింటి నడుమ ఎన్నాళ్లో ఎవరూ లెక్క పెట్టుకునేవారు కారు. రెండు పక్కలా బోర్డులు కట్టిన రిక్షాలో మైకు పెట్టి 'నేడే చూడండి' అని అరుస్తూ గులాబి రంగు కరపత్రాలు విసురుకుంటూ పోతుంటే, మేం వాటి కోసం మురిక్కాలవ దాకా పరుగెత్తేవాళ్లం. ప్రింట్లు తక్కువ కనుక పక్క పల్లెల టూరింగ్ టాకీసులకు రీళ్ల పెట్టె వెళ్లేసరికి ఇంకెన్నో వారాలు పట్టేది. అక్కడివారికి ఆ పెట్టె దిగిన రోజే విడుదల. అంటే ఒక్కో ఊరికి ఒక్కో తేదీ ఉండేది గాని, ఏ తేదీ కూడా అబద్ధం కాదు.

ఇప్పుడు తమరి రాకకు ముందు తమరి ప్రకటన రావాలి, దానికి ముందు ఆ ప్రకటన ఎప్పుడో తెలిపే ప్రకటన రావాలి. 'రేపు ఉదయం 11 గంటల 7 నిమిషాలకు' అని పోస్టరు వేస్తారు. ఆ ఏడో నిమిషం కోసం నేను ఆఫీసు మెట్ల మీద ఫోను పట్టుకొని నిలబడతాను. నిమిషాన్ని అంత నిష్ఠగా పాటించేవారు సంవత్సరాన్ని ఎందుకు పాటించలేరన్నది నాకు అంతుబట్టని గణితం. వాయిదా కబురుకు మాత్రం ముహూర్తం ఉండదు. అర్ధరాత్రి నల్లని కాగితం మీద తెల్లని అక్షరాలతో 'మీకు అత్యుత్తమ అనుభూతిని అందించాలన్న సంకల్పంతో' అని మొదలవుతుంది. సంకల్పం అన్న మాట కనిపిస్తే చాలు, తక్కినది చదవకుండానే లేచి వెళ్లి క్యాలెండరులో ఇంటూ పెట్టి వస్తాను. 2025 డిసెంబరు 5న రావలసిన 'అఖండ 2' విషయంలో ఆ పాటి వ్యవధి కూడా దొరకలేదు. డబ్బు తగాదా మద్రాసు హైకోర్టుకు చేరి, ముందు రాత్రి ప్రీమియర్లకు టిక్కెట్లు కొన్నవారికి చివరి గంటల్లో కబురు తెలిసింది. సినిమా 12న వచ్చింది.

ముందు రాత్రి అంటే గుర్తుకు వచ్చింది. తమరు వచ్చేదాకా కూడా ఆగలేని ఆత్రం మాది. తేదీ శుక్రవారమైతే గురువారం రాత్రికే చూసెయ్యాలి. 'పుష్ప 2' 2024 ఆగస్టు 15 నుంచి డిసెంబరు 6కి, మళ్లీ ఒక రోజు ముందుకు 5కి జరిగి, 4వ తేదీ రాత్రే ప్రీమియర్లు పడ్డాయి. ఆ రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని హాలు దగ్గర తొక్కిసలాటలో, కుటుంబంతో సినిమాకు వచ్చిన ఒక తల్లి ప్రాణం పోయింది. నేను ఆ చౌరస్తాలో అలాంటి రాత్రులు ఎన్నో గడిపినవాణ్ణి, గేటు తెరవగానే ముందున్నవారి వీపుల మీద చేతులు వేసి తోసినవాణ్ణి. ఈ ఒక్క విషయంలో తమరిని అనడానికి నా దగ్గర ఏమీ లేదు.

తమరి కులంలో మాట మీద నిలబడేవారు లేరని నేను అనను. సంక్రాంతికి వస్తానని చెప్పి సంక్రాంతికే వచ్చే దర్శకుడు అనిల్ రావిపూడి ఒకరున్నారు. 2025 జనవరి 14న ఒకటి, 2026 జనవరి 12న ఇంకొకటి, పిండివంటలు చల్లారకముందే ఇచ్చారు. ఆయన హాస్యం నాకు అన్నిసార్లూ రుచించదు గాని, ఆయన పేరు పక్కన నేను ఇంటూ పెట్టిన దాఖలా లేదు. 2024 సంక్రాంతికి పెద్దవాళ్లందరూ పక్కకు జరగమన్నా, హాళ్లు తక్కువ దొరికినా, 'హనుమాన్' జనవరి 12ను వదలలేదు. 2025 సెప్టెంబరు 5న 'మిరాయ్' రావలసిన చోటు ఖాళీ అయితే, 12న రావలసిన 'లిటిల్ హార్ట్స్' అనే బుల్లి సినిమా ఒక వారం ముందుగా దూరి హాయిగా నవ్వించి పోయింది. దానికి నేను ఏ సున్నా చుట్టలేదు, ఏ నిమిషం కోసమూ మెట్ల మీద నిలబడలేదు. బహుశా అందుకే అంత బాగుందేమో.

అసలు మాట ఇక దాచలేను. తమరు రానంత కాలం ఆ సినిమాలో లోపం ఉండదు. రెండు నిమిషాల టీజరు చూసి తక్కిన రెండున్నర గంటలూ నేనే తీసుకుంటాను, నా కథలో ద్వితీయార్ధం ఎప్పుడూ సాగదు, హీరోయిన్‌కు పాటల్లోనే కాక కథలో కూడా పని ఉంటుంది. టీ కొట్టు దగ్గర మా వాళ్లతో పందేలు కాస్తాను, మొదటి రోజు షేర్, అంటే పంపిణీదారుల చేతికి వచ్చే వాటా, ఎంతో ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు వారీగా నోటితోనే పంచేస్తాను. తమరు నిజంగా వచ్చిన రోజున మాత్రం ఉదయం ఆట విశ్రాంతికల్లా నా ముచ్చటంతా తీరిపోతుంది. బయటికి వచ్చి 'పరవాలేదు, ఒకసారి చూడొచ్చు' అని నాలుగు ముక్కలు అంటాను, అవతలివాడు 'అంతేనా' అంటాడు. రెండేళ్లు ఎదురుచూసింది ఈ నాలుగు ముక్కల కోసమా అని ఇంటికి వచ్చి క్యాలెండరు తిప్పుతాను, ఇంకో సున్నా కనిపిస్తుంది, ప్రాణం లేచి వస్తుంది.

ఇప్పుడు రాజమౌళి గారి 'వారణాసి' సినిమా సంగతి. 2025 నవంబరు 15న రామోజీ ఫిల్మ్ సిటీలో పేరు చెప్పారు, ఆ తరువాత 2027 ఏప్రిల్ 7 అని తమరిని చూపించారు. పంచాంగం లెక్క ప్రకారం ఆ రోజు ఉగాది. కొత్త సంవత్సరం నాటి పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలతో పాటు తమరి రాజపూజ్య అవమానాలు కూడా చదివిస్తే బాగుంటుందని మనవి. మా పెదనాన్నగారు ఆ రోజు ఊళ్లోనే ఉంటానని మాట ఇచ్చారు, కళ్లు రెండూ బాగానే ఉన్నాయి కనుక ఈసారి మోకాలు అని రాస్తాను.

ఇట్లు,
తమరి రాకకై వేయి కళ్లతో ఎదురుచూసే
ఒక అభిమాని

స్థలం: హైదరాబాదు
తేదీ: అతి త్వరలో