ఎఫ్ఐఆర్ ఎనిమిదో కాలమ్ గారికి

అయ్యా ఎనిమిదో కాలమ్ గారూ,

నమస్కారం. నిందితుల వివరాలు రాసే ఏడుకీ, పోయిన సొత్తు రాసే తొమ్మిదికీ నడుమ ఒద్దికగా కూర్చుని 'ఫిర్యాదు ఆలస్యానికి కారణాలు' అని అడుగుతుంటారు మీరు. మీకు దక్కేది ఒకటో రెండో లైన్లు. స్టేషన్ రైటర్ గారు మీ దాకా వచ్చేసరికి 'ఆలస్యం లేదు' అని కొట్టేసి ముందుకెళ్తారు. మరీ ఓపికుంటే 'పెద్దలతో మాట్లాడి వచ్చి ఫిర్యాదు చేసినందున' అని ఒక ముక్క పడేస్తారు. కొన్నేళ్లకు కేసు విచారణకు వచ్చినప్పుడు డిఫెన్సు లాయరు గారు ఆ ముక్క పట్టుకునే అరపూట క్రాస్ ఎగ్జామినేషన్ నడిపిస్తారు.

మా సందేహం ఒక్కటే. ఆలస్యానికి కారణం అడుగుతారు సరే, అది ఎవరి ఆలస్యమో ఎందుకు అడగరు?

ఆదివారం రాత్రి ఒకాయన మీద దాడి జరిగింది, చేతి ఎముక విరిగింది అనుకోండి. సోమవారం పొద్దున్నే కట్టు కట్టిన చేత్తో స్టేషన్‌కి వస్తాడు. రిసెప్షన్‌లో 'మా పరిధి కాదు, రోడ్డుకి అవతలి పక్క వాళ్లది' అంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం కాగ్నిజబుల్ నేరమైతే, అంటే వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగినదైతే, ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాల్సిందే. జీరో ఎఫ్ఐఆర్ కట్టి అవతలి వాళ్లకు పంపుకోవాలి. ఆ సంగతి గోడ మీద బోర్డుకి తెలుసు, బల్ల వెనక మనిషికి గుర్తుండదు. అవతలి స్టేషన్‌లో ఎస్సై గారు బందోబస్తులో ఉంటారు. సాయంత్రానికి పిటిషన్ తీసుకుంటారు, రసీదు ఇవ్వరు. బుధవారం ఎదుటి పార్టీని పిలిపిస్తారు. శుక్రవారం రాజీ మాటలు. రాజీ కుదరదు. మరుసటి మంగళవారం రైటర్ గారు కొత్త తెల్లకాగితం చేతికిచ్చి, 'మళ్లీ నీట్‌గా రాయండి, తేదీ ఇవాళ్టిది వేయండి' అంటారు.

అంతే, మొత్తం లెక్క మారిపోయింది. మూడో కాలమ్‌లో నేరం జరిగింది ఆదివారం, స్టేషన్‌కి సమాచారం అందింది మంగళవారం. మధ్యలో తొమ్మిది రోజులు. అప్పుడు మీరు తల పైకెత్తి ఫిర్యాదుదారుణ్ణి నిలదీస్తారు: ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావయ్యా?

స్టేషన్‌లోనే ఉన్నాడండీ, బయటి బెంచీ మీద.

అలా తిప్పడానికి 'ప్రాథమిక విచారణ' అని పేరు పెడతారు. నిజమే, 173(3) అందుకు వీలిచ్చింది. కానీ శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు ఉండే నేరాలకే, అదీ డీఎస్పీ ముందస్తు అనుమతితో, 14 రోజుల్లో ముగించాలి. బెంచీ మీద కూర్చోబెట్టి చేసే విచారణకు ఆ అనుమతి కాగితం ఫైల్లో కనబడదు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసుల్లో అయితే 18ఏ సెక్షన్ ఎఫ్ఐఆర్‌కు ముందు విచారణే అక్కర్లేదంది, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కాగ్నిజబుల్ నేరం కనబడితే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని తేల్చింది. ప్రాథమిక విచారణకు కొన్ని మినహాయింపులు చెప్పింది. వాటిలో ఒకటి, మూడు నెలలకు పైబడిన అకారణ ఆలస్యం. కాబట్టి స్టేషన్ మూడు నెలలు తిప్పగలిగితే, ఆ తిప్పుడే ఇంకో విచారణకు అర్హత సంపాదించి పెడుతుంది. మీ వంశం ఇలా వృద్ధి చెందుతోంది.

మీ ప్రతాపం తక్కువదేమీ కాదు. 1972లో తులియా కాళి కేసులో రెండు మైళ్ల దూరంలో స్టేషన్ ఉన్నా ఇరవై గంటలు దాటాక ఫిర్యాదు వచ్చిందని సుప్రీంకోర్టు అనుమానించింది. ఆలస్యమైతే కల్పన చొరబడుతుందన్నది దాని తర్కం. అందులో తప్పేమీ లేదు. ఐదో కాలమ్‌లో స్టేషన్ నుంచి ఘటనా స్థలానికి దూరం, దిక్కు రాయించేది కూడా ఇందుకే. లైంగిక నేరాల్లో మాత్రం ఆలస్యాన్ని యాంత్రికంగా తూచొద్దని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది.

చివర్లో ఉండే మీ బంధువు పదిహేనో కాలమ్‌నీ పలకరించాలి. ఎఫ్ఐఆర్ కోర్టుకు పంపిన తేదీ, సమయం అక్కడ రాస్తారు. కోర్టు కానిస్టేబుల్ తీసుకెళ్తే, మేజిస్ట్రేట్ తమకు అందిన వేళ వేసి సంతకం పెడతారు. ఈ రెంటి మధ్య తేడా వస్తే అది పోలీసుల ఆలస్యమని అందరికీ తెలుస్తుంది. మీలో పడిన పోలీసుల ఆలస్యం మాత్రం ఫిర్యాదుదారు పేరునే నిలిచిపోతుంది.

అందుకే మీకు తెలియకుండా కొన్ని ఏర్పాట్లు చేసుకోమని జనానికి చెబుతున్నాం, ఏమనుకోకండి. రెండోసారి రాయమంటే, ఆ కాగితంలోనే 'ఫలానా తేదీన, ఫలానా వేళకు ఇదే స్టేషన్‌కు వచ్చి పిటిషన్ ఇచ్చాను' అని మొదటి వాక్యంగా రాయాలి. ఫిర్యాదులోని విషయం రాసే పన్నెండో కాలమ్ ద్వారా అది ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కుతుంది. ఈమెయిల్‌లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే వేళ దానంతటదే నమోదవుతుంది, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. స్టేషన్‌లో కాదంటే 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు. పోస్టాఫీసు రసీదు పారేయకూడదు, క్రాస్‌లో పనికొచ్చేది అదే. సంతకం పెట్టేముందు చదివి వినిపించమని అడగాలి, మూడు, ఎనిమిది కాలమ్‌లు రెండుసార్లు. కాపీ ఉచితం. జిరాక్స్ ఖర్చు అడిగితే అది చట్టంలో లేదు.

ఇంతకూ మా విన్నపం. ఫారం మళ్లీ అచ్చేసేటప్పుడు మీ పక్కన 8(ఎ) అని ఇంకో గడి గీయించుకోండి: 'ఫిర్యాదుదారు మొదటిసారి స్టేషన్‌కు వచ్చిన తేదీ, సమయం, అప్పుడు డ్యూటీలో ఉన్నవారి పేరు'. అది పూర్తి చేశాకే మీ జోలికి రావాలని షరతు పెట్టించండి. అప్పుడు మీరెన్నిసార్లు ఖాళీగా ఉండాల్సొస్తుందో చూద్దాం.

ఇట్లు,
పద్నాలుగో కాలమ్‌లో సంతకం పెట్టే ఫిర్యాదుదారుల తరఫున