దోసె పిండికి దుప్పటి హక్కు

హైదరాబాదులో పొద్దుటి ఉష్ణోగ్రత 12 డిగ్రీలకు దిగిందంటే ప్రతి ఇంట్లోనూ అత్యవసర పరిస్థితి అమల్లోకి వస్తుంది. ప్రకటనేమీ ఉండదు. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క మందపాటి శాలువా కనిపించదు, అంతే. వెతికితే వంటగదిలో దోసె పిండి గిన్నె చుట్టూ ఉంటుంది. మనిషికి చలేస్తే ఇంకో చొక్కా తొడుక్కుంటాడు. పిండి పాపం ఏం చేస్తుంది?

ఈ ప్రాధాన్య క్రమం సరైనదేనని నా దృఢాభిప్రాయం. పిండి పొంగకపోతే ఆదివారం టిఫిన్ ఆగిపోతుంది. ఇంటాయన ముక్కు కారితే ఏదీ ఆగదు. పెరుగు సంగతి ఇంకా సున్నితం. పాలు గోరువెచ్చగా ఉండాలి, తోడు కాస్త ఎక్కువ పడాలి, ఆ గిన్నె హాట్‌బాక్సులో కూర్చోవాలి. తెల్లారేదాకా దాన్ని కదిపే అధికారం ఎవరికీ లేదు. అర్ధరాత్రి మంచినీళ్లకు లేచినవాడు కూడా మునివేళ్ల మీద నడవాలి.

కొబ్బరి నూనె 24 డిగ్రీల లోపే గడ్డకట్టేస్తుంది కాబట్టి మనం స్వెటర్ తీయకముందే అది సమ్మెకు దిగుతుంది. పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దుండదంటారు. ఉన్న ఆ కాస్త ఎండలో బాల్కనీ గోడ మీద మొదటి చోటు నూనె సీసాది, తర్వాత ఆరని జీన్స్ ప్యాంట్లవి. తాతగారి కుర్చీ మిగిలిన నీడలో.

ఇక గీజర్. 2 కిలోవాట్ల గీజర్ అరగంట పనిచేస్తే ఒక యూనిట్. నీళ్లు కాగగానే థర్మోస్టాట్ తనంతట తానే ఆపేస్తుంది. మన ఇళ్లలో ఈ మాట నమ్మినవాళ్లు లేరు. తలకు షాంపూ పెట్టుకున్న క్షణంలో బయటి నుంచి విచారణ మొదలవుతుంది: "ఏమండీ, గీజర్ ఆపారా?"

అసలు తప్పు ఇంటిదే. మే నెల కోసం కట్టుకున్నాం. చల్లగా ఉంటుందని వేయించిన గ్రానైట్ జనవరిలో అరికాళ్ల మీద పగ తీర్చుకుంటుంది. గాలి కోసం పెట్టించిన బాత్రూం వెంటిలేటర్‌లో పాత పేపర్లు కుక్కుతాం. గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం ఆ పని చేయకండి. గాలాడని గదిలో చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఈ మాటలో వెటకారం లేదు.

ఇన్ని జాగ్రత్తల ఇంట్లోనే రాత్రి రెండేసి దుప్పట్లు కప్పుకుని ఫ్యాన్ వేస్తారు. దోమలట. ఆ సౌండ్ లేనిదే నిద్ర పట్టదట. ఆపుదామన్నవాడికి మెజారిటీ దొరకదు.

ఈ చలి చాలదన్నట్టు డిసెంబరు రాగానే లంబసింగికి కార్లేసుకుని పోతారు. మంచులో సెల్ఫీలు దిగుతారు, ఆవిరి వదులుతూ టీ తాగుతారు, రీల్స్ పెడతారు. అంత చలిలో ఆ ఊరివాళ్లకు పెరుగెలా తోడుకుంటుందో ఒక్కరంటే ఒక్కరూ అడిగి రారు.