మొగ దగ్గర కొలిచేదెవరు?

శ్రీకాకుళం తీరం నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఆ దీవుల చుట్టూ ఉన్న పగడపు దిబ్బలు దెబ్బతింటే అక్కడి చేపల వేట, పర్యాటకం రెండూ కుదేలవుతాయి. కాబట్టి ఆ దిబ్బలను దెబ్బతీసే సముద్రం ఆమ్లీకరణ, అంటే నీటిలో ఆమ్లత పెరగడం, మనకు సంబంధం లేని వార్త కాదు.

మనం గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు పావు వంతు సముద్రంలోకే చేరుతోంది. పీహెచ్ అంటే ఆమ్లతను చెప్పే కొలమానం, అది తగ్గితే ఆమ్లత పెరిగినట్టు. పరిశ్రమలు రాకముందు 8.2 దగ్గర ఉన్న పైనీటి సగటు పీహెచ్ ఇప్పుడు 8.1కి దిగింది. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ ఆమ్లత సుమారు 30 శాతం పెరిగినట్టు. ఆమ్లత పెరిగితే నీటిలో సున్నానికి ముడిసరుకైన కార్బొనేట్ తగ్గుతుంది, అది తగ్గేకొద్దీ పగడాలు సున్నపు గూడు కట్టుకోవడం కష్టమవుతుంది. ఇంతవరకూ వాతావరణ నమూనాలను, అంటే రాబోయే మార్పులను లెక్కగట్టే కంప్యూటర్ అంచనాలను, శంకించాల్సిన పని లేదు.

ఫలానా దిబ్బకు ఎప్పుడు, ఎంత ముప్పు అని అడిగితేనే చిక్కు. ప్రపంచ స్థాయి నమూనాలు చాలావరకు సముద్రాన్ని సుమారు 100 కిలోమీటర్ల గళ్లుగా విడదీసి, గడి మొత్తానికీ ఒకే సగటు చెబుతాయి. దిబ్బేమో కొన్ని వందల మీటర్లే ఉండొచ్చు. అక్కడ మిట్టమధ్యాహ్నం నాచు కార్బన్‌ను వాడుకోవడంతో పీహెచ్ పెరుగుతుంది. రాత్రంతా జీవులు శ్వాసిస్తాయి కనుక తెల్లవారేసరికి పడిపోతుంది. లోతు తక్కువైన కొన్ని దిబ్బల్లో, నమూనా ఈ శతాబ్దాంతానికి చెప్పే మార్పంత తేడా ఒక్క రోజులోనే వచ్చిపోతుంది. పైగా గూడు కట్టే చోట పీహెచ్‌ను పగడం కొంతవరకు తానే పెంచుకోగలదు. నీరు వేడెక్కితే ఆ శక్తి ఎంత మిగులుతుందన్నది జాతిని బట్టి మారుతుంది.

మన తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. గుల్లలు, ఆల్చిప్పలు ఉన్నాయి, వాటికీ అదే కార్బొనేట్ కావాలి. వంశధారకు, నాగావళికి వరదొస్తే మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, నీరు ఎర్రబారుతుంది. ఆ మంచినీరు ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని పలచబరుస్తుంది. పొలాల ఎరువు, ఊళ్ల మురుగు తోడైతే పీహెచ్ ఇంకా దిగజారవచ్చు. పెద్ద గళ్ల లెక్కలో ఈ మొగలు కనిపించవు.

లెక్క పూర్తిగా తేలలేదు కదా అని ఉద్గారాల కోతను వాయిదా వేయమనేవాళ్లతో మేం ఏకీభవించం. అంచనా తప్పితే ముప్పు ముందే రావచ్చు కూడా. బంగాళాఖాతం నడిమధ్య ఆమ్లత కొలిచే బోయాను, అంటే నీటిపై తేలే పరికరాన్ని, 2013లోనే ఏర్పాటు చేశారు. కళింగపట్నానికి, భావనపాడుకు, విజయనగరం జిల్లా చింతపల్లికి అలాంటి నిఘా ఎందుకు ఉండకూడదు? విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రం, ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉన్నాయి. రోజూ వేటకెళ్లే మత్స్యకారులున్నారు. రాష్ట్ర ప్రభుత్వం వీరందరినీ కలిపి పగలూ రాత్రీ కొలతలు తీయించాలి, ఫలితాలు అందరికీ అందుబాటులో పెట్టాలి. జూన్ 14న వేట నిషేధం ముగిసేలోగా మొదలుపెడితే ఈసారి తొలి వరద కూడా లెక్కలోకి వస్తుంది.