రోడ్డు సిటీది, చందా శివారుది

శివార్ల నుంచి పొద్దున్నే కార్లేసుకొని దిగిపోతారు, మన రోడ్లు జామ్ చేస్తారు, సాయంత్రం చెక్కేస్తారు, ట్యాక్సులు మాత్రం మనం కట్టాలి... హైదరాబాద్ మధ్యలో ఎవరింట్లో కూర్చున్నా ఈ మాట వినపడ్తది. న్యాయమే కదా అనిపిస్తది కూడా. లెక్క తీస్తే మాత్రం కథ తిరగబడ్తది.

మా కాలనీ సంగతే చెప్తా. సిటీ చుట్టూ తిరిగే ఔటర్ రింగ్ రోడ్డుంది కదా, ఆ ఓఆర్ఆర్‌కి ఇవతలే. మెయిన్ రోడ్డు నుంచి మా గేటు దాకా మట్టి దారి, వానపడితే స్కూల్ బస్సు లోపలికి రానంటది, పిల్లల్ని బండి మీద మలుపు దాకా దింపాలి. రెండేళ్లు అర్జీలు పెట్టి విసుగొచ్చి ఇంటికింత అని చందా వేసుకొని మొరం పోయించుకున్నాం, రోలర్ కిరాయి కూడా మాదే. మరి మేం ఏమీ కట్టనోళ్లమా? రిజిస్ట్రేషన్, లేఅవుట్ రెగ్యులరైజ్ చేయించుకునే ఎల్ఆర్ఎస్ ఫీజు, ఇంటి పన్ను, కారు కొంటే ధరలో 13 శాతం నుంచి మొదలయ్యే లైఫ్ ట్యాక్స్, పెట్రోల్ మీద 35.2 శాతం వ్యాట్, ఓఆర్ఆర్ ఎక్కితే టోల్.

సిటీవాళ్ల మాటలో నిజం లేదనను. ఫ్లైఓవర్ల కోసం సిటీ కార్పొరేషన్ జీహెచ్ఎంసీ 2018 ఫిబ్రవరిలో మొదటి విడత బాండ్లు అమ్మి 200 కోట్లు తెచ్చింది, ఆ వడ్డీ భారం సిటీ మీదే పడింది. ఒప్పుకుంటా.

కానీ అసలు కిటుకు వేరే ఉంది. మాదాపూర్‌లో ఆఫీసు బిల్డింగుంటే దాని ప్రాపర్టీ ట్యాక్స్ ఏళ్ల తరబడి సిటీ ఖాతాకే పోయింది, ఆ బిల్డింగులో పనిచేసేటోళ్లు పడుకునేది శివార్లలో, అమీన్‌పూర్‌లో, బాచుపల్లిలో. అంటే సంపాదించి పెట్టే చోట పన్ను సిటీకి, చెత్త, మోరీ, గుంతల రోడ్డు మాత్రం ఖాళీ జేబు శివారు మున్సిపాలిటీకి మిగిలాయి! ఇంక ఎవరు ఎవర్ని మోస్తున్నట్టు?

2025 చివర్లో శివార్లలోని 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లని జీహెచ్ఎంసీలో కలిపేస్తే ఇదంతా తీరిపోతదన్నారు. బోర్డు మారితే డబ్బు రాదు సార్. లైఫ్ ట్యాక్స్, వ్యాట్ రెండూ పోయేది రాష్ట్ర ఖజానాకి, అందులోంచి ఎవరికెంత అనేది సెక్రటేరియట్ దయ. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్‌ని 2023లో 30 ఏళ్లకి 7,380 కోట్లకి ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చారు, ఒక తరం కట్టాల్సిన టోల్ ముందే సర్కారు చేతికొచ్చేసింది, ఆ రింగు చుట్టూ ఉన్న ఊళ్లని ఒక్క మాటైనా అడిగారా? పంచాయతీలు, మున్సిపాలిటీల కోసం తెచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు వచ్చి 30 ఏళ్లు దాటింది, ప్రతి ఐదేళ్లకీ స్టేట్ ఫైనాన్స్ కమిషన్ వేసి రాష్ట్ర పన్నుల్లో వాటికెంత వాటా ఇవ్వాలో చెప్పించాలని వాటిల్లోనే రాసుంది. సిటీ, శివారు ఒకర్నొకరు తిట్టుకుంటుంటే ఆ వాటా ఊసెత్తేవాడే లేడు, పైవాళ్లకి కావాల్సిందీ అదే. బండి ఏ ఊళ్లో రిజిస్టరైతే ఆ ఊరికి లైఫ్ ట్యాక్స్‌లో ఇంత అని చట్టంలో రాసేస్తే సగం గొడవ అక్కడే సద్దుమణుగుతది.

మొన్నటి వానకి మా మొరం మళ్లీ కొట్టుకుపోయింది. ఈసారి ఇంటికెంత వేయాలో ఆదివారం మీటింగ్‌లో తేలుతది.