దేకితే ఏం వండాలి?

మా ఇంట్లో పిల్లల ఎదుగుదల చూసుకోవడానికి రెండు చార్టులున్నాయి. ఒకటి టీకాలప్పుడు ఇచ్చిన మాతా శిశు రక్షణ కార్డు. అందులో బొమ్మలుంటాయి. రెండోది మా అమ్మ నోట్లో ఉంటుంది. అందులో తిండి ఉంటుంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పారాడితే పాయసం, అడుగులేస్తే అరిసెలు. ప్రాస కుదరని పని ఏ పిల్లాడూ చేయకూడదు.

మావాడు మొదట్లో బుద్ధిగానే ఉన్నాడు. రెండో నెలలో నవ్వాడు, ఐదో నెలలో బోర్లా పడ్డాడు, ఏడో నెలలో కూర్చున్నాడు. తిరుపతి బైరాగిపట్టెడలో మా వీధి వీధంతా కుడుములు తింది. మిగిలినవన్నీ నా పాలిట పడ్డాయి. వాడు పెరిగినన్ని కిలోలు నేనూ పెరిగాను.

పాయసం దగ్గర బండి ఆగిపోయింది. వాడు పారాడలేదు. కూర్చున్నచోటే ఒక కాలు చాపి, చేత్తో నేలను నొక్కి, పిర్రల మీద సర్రున జరుక్కుంటూ పోయేవాడు. దేకడం అన్నమాట. వంటింట్లో వదిలితే ఊపిరి తీసేలోగా వాకిట్లో తేలేవాడు. లాగులు మోకాళ్ళ దగ్గర కొత్తగా, వెనకాల చిల్లులతో ఉండేవి.

"దేకితే ఏం వండాల్రా?" అంది అమ్మ, పెద్ద సమస్య వచ్చినట్టు.

"దోశలు పొయ్యి, ప్రాస కుదురుతాది," అంది ఎదురింటి అవ్వ.

"దోశ రోజూ తినేదే గదా, దానికి పండగేంది?" అని అమ్మ కొట్టిపారేసింది. పాయసానికి తెచ్చిన సగ్గుబియ్యం డబ్బాలోనే ఉండిపోయింది.

ఏడాది నిండింది. అడుగు లేదు. పక్కింటి పాప పదో నెలలోనే నడిచి, మా ఇంట్లోకే వచ్చి, మావాడి గిన్నెలో బొరుగులు తినిపోయింది. వాడు దేకుతూ వెంటపడ్డాడు గానీ గడప అడ్డొచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

నేను ఫోన్ తీసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన లెక్కలు చదివి వినిపించాను. పట్టు లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడొచ్చినా మామూలేనట. నూటికి నలుగురు పిల్లలు మోకాళ్ళ మీద అసలు పారాడనే పారాడరట. ఐదు దేశాల పిల్లల్ని చూసి కట్టిన లెక్క, అందులో మన ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు.

"ఢిల్లీలో అరిసెలు ఎవరు వండతారు నైనా? వాళ్ళకి తొందర్లేదు," అంది అమ్మ.

టెన్షన్ తట్టుకోలేక గాంధీ రోడ్డుకెళ్ళి చక్రాల వాకర్ కొన్నాను. డాక్టరు దగ్గర ఆ మాట చెప్పగానే ఆయన మొహం మారిపోయింది. దాంతో నడక త్వరగా రాదు, మెట్ల మీంచి పడడం మాత్రం త్వరగా వస్తుంది, కెనడాలో 2004 నుంచి దాని అమ్మకమే నిషేధం అన్నాడు. తర్వాత పిల్లాణ్ణి పేరు పెట్టి పిలిచాడు, తిరిగి చూశాడు. బొరుగు గింజ ఇచ్చాడు, రెండు వేళ్ళతో ఏరుకున్నాడు. ఫ్యాన్ ఏదంటే వేలు పెట్టి చూపించాడు. దేకే పిల్లలు కాస్త ఆలస్యంగానే నడుస్తారు, పద్దెనిమిది నెలలకీ నడవకపోతే అప్పుడు తీసుకురండి అని పంపేశాడు. వాకర్ మీద ఇప్పుడు నా లుంగీలు ఆరుతున్నాయి.

నాకు ధైర్యం వచ్చింది. అమ్మకు రాలేదు. ఆ సాయంత్రమే కొండ వైపు తిరిగి దండం పెట్టి మొక్కేసింది. ఏం మొక్కిందో మర్నాడు చెప్పింది: "వాడు నడిస్తే నువ్వు అలిపిరి నుంచి నడిచొస్తావని చెప్పినా సామికి."

"నీ మొక్కుకు నా కాళ్ళా?"

"నాకు మోకాళ్ళ నొప్పులు గదరా!"

పదిహేనున్నర నెలలకు, నేను కింద బండి స్టాండు వేస్తున్న సమయంలో, టీవీ రిమోట్ కోసం నాలుగడుగులు వేశాడు. నెల రోజులుగా వీడియోకి సిద్ధంగా పెట్టుకున్న ఫోన్ నా జేబులోనే ఉంది. అరిసెలు వండారు. వాటి మీద అడుగు వేయించబోతే వాడు చక్కగా కూర్చుని మూడు అరిసెల మీదుగా దేకాడు. అవి ఎవరికి పెట్టారో నేను అడగలేదు.

ఇక మొక్కు. అలిపిరి దారి 3,550 మెట్లు. పాదాల మండపం దగ్గర చెంగుచెంగున బయలుదేరాను. గాలిగోపురం చేరేసరికి నడుస్తున్నది నేనో, నా నీడో తెలియలేదు. మెట్టు మెట్టుకీ పసుపూ కుంకుమా పెడుతూ వంగి లేస్తూ ఎక్కుతున్న ఒక పెద్దావిడ నన్ను దాటిపోయి, జాలిగా వెనక్కి చూసింది.

మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్ళు నిలబడనని చెప్పేశాయి. రామానుజులవారు ఈ కొండను సాలగ్రామంగా తలచి కాలు మోపకుండా మోకాళ్ళ మీద ఎక్కారని చెబుతారు. ఆయనది భక్తి. నాది కుడుములు. రెండు చేతులూ రెండు మోకాళ్ళూ ఆనించి ఎక్కాను. వెనకాల మా ఆవిడ వీడియో తీస్తోంది. ఈసారి ఫోన్ సరిగ్గా సమయానికి తీశారు.

మర్నాడు పొద్దున పడుకున్నచోటి నుంచి లేవలేకపోయాను. వంటింట్లోంచి సగ్గుబియ్యం ఉడికే వాసన. అమ్మ గిన్నె తెచ్చి గది అవతలి మూలన పెట్టింది.

"పారాడితే పాయసం గదా. ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో ఒకడు పారాడినాడు."

పిల్లాడు గిన్నె వైపు నడిచాడు, తడబడకుండా. వాడికంటే ముందు చేరాలని లేవబోయాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఒక కాలు చాపి, చేత్తో నేలను నొక్కి, మెల్లగా జరిగాను.

అమ్మ ఒక్క క్షణం చూసి, వంటింటి వైపు కేకేసింది. "మే, రేపటికి దోశలకి నానబెట్టు!"